పగలు వెల్డింగ్, రాత్రి బ్లూస్

షికాగోలో నల్లజాతి అమెరికన్ల సంగీతమైన బ్లూస్ మీదే బతికినవాళ్ల కంటే, పొట్టకూటి కోసం పగలంతా ఇంకో పని చేసి రాత్రికి గిటార్ అందుకున్నవాళ్లే ఎక్కువ. మడ్డీ వాటర్స్ అంతటి ఆయనే మిసిసిపీ నుంచి వచ్చిన కొత్తలో కాగితం ఫ్యాక్టరీలో పని చేశారు, ట్రక్కు నడిపారు. ఆయన బృందంలో ఏళ్ల తరబడి డ్రమ్స్ వాయించిన విల్లీ స్మిత్, పాట గిట్టుబాటు కాని రోజుల్లో టాక్సీ తోలారు. గాయకుడు, గిటారిస్టు జిమ్మీ జాన్సన్ వెల్డరు. ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది ఆ జిమ్మీ జాన్సన్ కోసం, ఆయన పాట నాకు పరిచయం చేసిన మరో వెల్డరు కోసం.

ఆ రెండో ఆయన పేరు రాయడం లేదు. రికార్డుల అట్టల మీద వెతికినా ఆ పేరు దొరకదు. పదహారేళ్ల వయసులో మిసిసిపీలో రైలెక్కి షికాగోలో దిగింది మొదలు, వేళ్లు సహకరించినంత కాలం ఊరి పడమటి వైపున్న వెస్ట్ సైడ్ పేటల్లోని బ్యాండ్లలో, కింది స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించారు. ఒక బ్యాండ్ విడిపోతే ఇంకొకటి, అది ఆగిపోతే మరొకటి. శుక్ర, శనివారాల్లో క్లబ్బులు, ఆదివారం పొద్దున చర్చి, సోమవారం తెల్లవారేసరికి ఫ్యాక్టరీలో మొహానికి వెల్డింగ్ ముసుగు. ఆ జీవితాన్ని దగ్గరగా చూశాను కాబట్టే జిమ్మీ జాన్సన్ కథ నాకు తెలిసిన ఇంటి కథలాగే అనిపిస్తుంది.

నేను 1990ల మొదట్లో విజయవాడ నుంచి వచ్చి, షికాగో శివారులో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పనిలో చేరాను. యంత్రాలను నిలబెట్టే ఉక్కు చట్రాలు అక్కడ తయారయ్యేవి. నేను కాగితం మీద గీసింది, అక్కడే వెల్డరుగా ఉన్న ఆయన చేతిలో చట్రమయ్యేది. మధ్యాహ్నం నా పులిహోర డబ్బా, ఆయన రొట్టెల పొట్లం ఒకే బల్ల మీద ఉండేవి. తింటున్నంతసేపూ ఆయన ఎడమ చేతి వేళ్లు బల్ల అంచు మీద నడుస్తూనే ఉండేవి. ముంజేతి మీద నిప్పురవ్వలు పడి కాలిన చిన్న చిన్న మచ్చలు. వేళ్ల కొసల మీద లావు తీగలు ఒరిసి గట్టిపడిన చర్మం. పగటి పని గుర్తులు, రాత్రి పని గుర్తులు ఆ ఒక్క చేతి మీదే కనిపించేవి.

"మీ ఇంట్లో ఎవరికైనా సంగీతం వచ్చా?" అని ఒకరోజు అడిగారు. మా పెదనాన్నకు వచ్చని చెప్పాను. పెదనాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ ఊళ్లో రాయబారం ఆడినా, హరిశ్చంద్ర కాటి సీను ఆడినా ఆయనకు కబురు వచ్చేది. కృష్ణుడు ఒక ఊరి నుంచి, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి వచ్చేవారు. అందరూ ఒకచోట చేరేది తెర లేచే ముందే. ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి. ఎవరు ఎంత శ్రుతిలో పాడతారో, ఎవరి రాగాలాపన ఎంత దూరం పోతుందో పెదనాన్నకు కంఠతా వచ్చు. ఇదంతా నాకు చేతనైన ఇంగ్లిషులో చెబుతుంటే ఆయన తినడం ఆపి ఒకే ప్రశ్న వేశారు. "పద్యం మధ్యలో గొంతు జారితే మీ పెదనాన్న ఏం చేసేవారు?"

పక్కన నిలబడి వాయించేవాళ్లకు తప్ప ఇంకొకరికి తోచని ప్రశ్న అది. గొంతు జారితే పెదనాన్న ఆ స్వరం మీద ఒక్క క్షణం గట్టిగా నిలిచి, నటుడికి ఆధారం అందించి, జనానికి తెలియకుండానే దారిలో పెట్టేవారు. చెప్పాను. ఆయన తల ఊపి, "నా పనీ అదే" అన్నారు. ఆ శనివారమే నన్ను వెంట తీసుకెళ్లారు.

వెళ్లింది చిన్న క్లబ్బు. వేదిక అంటే నేలకు జానెడు ఎత్తు. గిటార్ ఒకటి, హార్మోనికా ఒకటి, డ్రమ్స్, ఈయన బేస్. నేను ముందు వరుసలో కూర్చుని గమనించింది, ఆయన ఎక్కువసేపు జనం వైపు చూడనే లేదు. డ్రమ్స్ వాయించే అతని కుడి పాదం మీదే చూపు. ఆ పాదం దిగే క్షణమూ, ఈయన బొటనవేలు తీగ మీద పడే క్షణమూ ఒకటే. రెండు చప్పుళ్లు కలిసి ఒకే చప్పుడుగా కడుపులో తగిలేది. రెండో విడత మధ్యలో, శ్రోతల్లో కూర్చున్న పెద్దావిడను నాయకుడు పైకి పిలిచాడు. ఆవిడ శ్రుతి చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదటి మాట ఆవిడ నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే ఈయన ఆ శ్రుతి పట్టుకుని కింద పరిచేశారు. గిటారిస్టు ఆ బేస్ విని దారి తెలుసుకున్నాడు. ఆవిడ పాట పాడి, చప్పట్ల మధ్య దిగి వెళుతూ గిటారిస్టు భుజం తట్టింది. ఈయన అప్పటికే తల వంచుకుని తర్వాతి పాటకు తీగ సరిచూసుకుంటున్నారు.

బ్లూస్ అలవాటు లేనివాళ్ల కోసం కాస్త చెబుతాను. దీని కట్టడి చాలా చిన్నది. పన్నెండు ఆవర్తాలు, మూడు కార్డులు. కార్డు అంటే ఒకేసారి కలిపి మీటే స్వరాల గుంపు. మొదటి నాలుగు ఆవర్తాలు ఆధార కార్డులో, తర్వాతి రెండు నాలుగో స్వరం మీద కట్టిన కార్డులో, మళ్లీ రెండు ఆధారంలో. తొమ్మిదో ఆవర్తంలో ఐదో స్వరానికి ఎక్కి, పదింట నాలుగుకు దిగి, చివరి రెండింటిలో ఇంటికి చేరడం. సాహిత్యం కూడా అంతే. ఒక పాదం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంలో జవాబు చెప్పడం. ఇంత చిన్న కట్టడి కాబట్టే మునుపెన్నడూ కలవని నలుగురు కూడా వేదికెక్కి వాయించగలరు. నాయకుడు వెనక్కి తిరిగి శ్రుతి చెబుతాడు, నడక చెబుతాడు, ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో చెబుతాడు. "ఫైవ్ నుంచి" అన్నాడంటే తొమ్మిదో ఆవర్తం దగ్గర మొదలుపెట్టాలని అర్థం. ఆ పైన నాలుగు లెక్కపెడతాడు. రిహార్సల్ అంతే.

అసలు కష్టం నడకలో ఉంది. షఫుల్ అనే నడక వినడానికి సులువు. ఒక్కో దెబ్బను తిశ్రంలా మూడుగా చేసి, మధ్య అక్షరం మింగేస్తారు. ఆ మింగిన అక్షరం ఎంత పొడవో ఏ పుస్తకంలోనూ ఉండదు. వెస్ట్ సైడ్‌లో ఒక తీరు, సౌత్ సైడ్‌లో ఒక తీరు, ఒకే బ్యాండ్‌లో డ్రమ్స్ మనిషి మారితే ఇంకో తీరు. దాన్ని చేతులు మార్చుకుంటూ నిలబెట్టినవాళ్లు ఈ పేరులేని మనుషులు. రికార్డు కంపెనీలు ముందు నిలబడి పాడినవాళ్ల గొంతులు దాచాయి, మంచి పనే. కానీ వెనక ఆ నడక లేకపోతే ఆ గొంతులకు నిలబడే చోటు ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

మా వెల్డరు కూడా గిటార్ పట్టుకునే ఈ ఊరికి వచ్చారట. అప్పటికి ప్రతి వీధిలో గిటారిస్టులే. బేస్ వాయిస్తానంటే చోటుంది అని ఒక బ్యాండ్ నాయకుడు చెప్పాడు. ఎలక్ట్రిక్ బేస్ గిటార్ అప్పటికింకా కొత్త వస్తువు. అంతకుముందు షికాగో బ్లూస్ బ్యాండ్లలో రెండో గిటారిస్టే కింది తీగల మీద బేస్ పాత్ర పోషించేవాడు. డేవ్ మైయర్స్ లాంటివాళ్లు 1950లలో దాన్ని చేపట్టి దారి వేశారు. చోటు కోసం పట్టుకున్న వాద్యంతోనే ఈయన జీవితమంతా గడిపారు, మళ్లీ గిటార్ వైపు చూడలేదు.

1960లు వచ్చేసరికి కుర్రకారుకు బ్లూస్ తల్లిదండ్రుల సంగీతమైంది. అందరికీ చర్చి పాటల ఛాయలున్న సోల్ సంగీతం కావాలి. బ్యాండ్లన్నీ ఒకే రంగు సూట్లు కుట్టించుకుని రేడియోలో వచ్చిన పాటలు వాయించడం మొదలుపెట్టాయి. ఆయన దగ్గర అప్పటి ఫోటో ఒకటి ఉంది, ఐదుగురూ ఒకేలా తల పక్కకు వంచి నిలబడ్డారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక వెస్ట్ సైడ్ తగలబడింది. మాడిసన్ స్ట్రీట్ పొడుగునా దుకాణాలు కాలిపోయాయి. పనిచేసే క్లబ్బులు ఎన్నో ఆ తర్వాత తెరుచుకోలేదు. బ్లూస్ క్రమంగా ఊరి ఉత్తరానికి, తెల్ల విద్యార్థులు వచ్చే క్లబ్బులకు జరిగింది. హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో కింగ్‌స్టన్ మైన్స్, దాదాపు దానికి ఎదురుగానే ఉన్న, 1979లో తెరిచిన బి.ఎల్.యు.ఇ.ఎస్., 1984లో ఆర్మిటేజ్ అవెన్యూలో మొదలైన రోజాస్ లౌంజ్. రోజాస్‌ను తెరిచింది ఇటలీ నుంచి వచ్చిన ఒక డ్రమ్స్ కుర్రాడు, అతని తల్లి. క్లబ్బు పేరు ఆ తల్లి పేరే. తమ పేటలో పుట్టిన పాట వాయించడానికి మా వెల్డరు వారం వారం ఊరంతా దాటి కారులో వెళ్లేవారు. దానికి ఆయన బాధపడేవారు, కానీ వాయించడం మాత్రం మానలేదు.

తన గురించి ఆయన చెప్పింది తక్కువ. అడిగినప్పుడల్లా మాట జిమ్మీ జాన్సన్ మీదికి మళ్లించేవారు. "ముందు ఆయన్ని విను, నా సంగతి తర్వాత" అనేవారు.

జిమ్మీ జాన్సన్ 1928 నవంబర్ 25న మిసిసిపీలోని హాలీ స్ప్రింగ్స్‌లో పుట్టారు. అసలు ఇంటిపేరు థాంప్సన్. కుటుంబం 1950లో షికాగో చేరింది. అన్నదమ్ములు సంగీతంలోనే ఉన్నారు. సోదరుడు మాక్ థాంప్సన్, వెస్ట్ సైడ్ అంతా మారుమోగిన మాజిక్ శామ్ బృందంలో బేస్ వాయించారు. తమ్ముడు సిల్, జాన్సన్ అన్న పేరుతో సోల్ గాయకుడిగా ఎదిగారు. తర్వాత జిమ్మీ కూడా ఆ పేరే పెట్టుకున్నారు. జిమ్మీ మాత్రం వెల్డింగ్ చేసుకుంటూ, చర్చి బృందాల్లో పాడుకుంటూ ఉండి, 1959లో హార్మోనికా వాయించే స్లిమ్ విల్లిస్ బ్యాండ్‌లో గిటారిస్టుగా చేరారు. అప్పటికి వయసు ముప్ఫై.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇతరుల వెనకే. 1960లలో ఓటిస్ క్లే, డెనీస్ లాసాల్, గార్లండ్ గ్రీన్ లాంటి సోల్ గాయకులకు వాయించారు. 1970లలో మళ్లీ బ్లూస్ వైపు వచ్చి గిటారిస్టు జిమ్మీ డాకిన్స్ పక్కన రిథమ్ గిటార్, 1975లో మరో గిటారిస్టు, గాయకుడు ఓటిస్ రష్‌తో జపాన్ యాత్ర. 1978లో ఆలిగేటర్ రికార్డు సంస్థ షికాగో బ్లూస్ సంకలనాలు తెస్తూ మొదటి దానిలో జిమ్మీ పాటలు నాలుగు చేర్చింది. మరుసటి ఏడాది డెల్‌మార్క్ సంస్థ నుంచి "జాన్సన్స్ వాక్స్" వచ్చింది. అమెరికా సంస్థ ఒకటి ఆయన పేరుతో తెచ్చిన తొలి పూర్తి ఆల్బమ్ అది. అప్పటికి ఆయనకు యాభై.

పాపం, అవకాశం ఆలస్యంగా వచ్చింది అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆ రికార్డు వింటే ఆ ఇరవై ఏళ్లూ ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. పైస్థాయిలో తేలిగ్గా నిలిచే ఆ సన్నటి గొంతు చర్చి పాటల్లో సాధన చేసింది. విషాదం పలికే మైనర్ కార్డుల మీద ఆయనకున్న మక్కువ, మూడు కార్డులతో సరిపెట్టుకునే చోట మెల్లగా నాలుగో కార్డు, ఐదో కార్డు జొప్పించే ఆ అలవాటు, ఎందరో సోల్ గాయకుల వెనక నిలబడి నేర్చినవి. ఇతరుల పాటకు ఖాళీ వదలడం అలవాటైన చెయ్యి కాబట్టి తన పాటలోనూ ఊపిరాడేంత ఖాళీ ఉంటుంది. పాతికేళ్లకే రికార్డు చేసి ఉంటే ఈ పాట మనకు దొరికేది కాదు. నేను ఆయన్ని మొదట ప్రత్యక్షంగా విన్న రాత్రి మా వెల్డరు నా పక్కన నిలబడి, ఒక మైనర్ పాట మధ్యలో నా మోచెయ్యి పట్టుకుని "ఇప్పుడు విను" అన్నారు. పన్నెండో ఆవర్తంలో అందరూ వెళ్లే దారిలో వెళ్లకుండా జిమ్మీ ఒక్క అరస్వరం పక్కకు జరిగి, అక్కడ ఆగి, తిరిగొచ్చారు. ఎంతసేపు? చిటికె వేసేంత. మా వెల్డరు కళ్లు మూసుకుని నవ్వారు. వాద్యకారుడికి ఇంకో వాద్యకారుడిచ్చే గౌరవం అలా ఉంటుందని ఆ రోజు చూశాను.

ఈ కథలో చీకటి కూడా ఉంది. 1988 డిసెంబర్ 2న బ్యాండ్ ప్రయాణిస్తున్న వ్యాను ఇండియానాలో ప్రమాదానికి గురైంది. బేస్ వాయించే లారీ ఎక్సమ్, కీబోర్డు వాయించే సెయింట్ జేమ్స్ బ్రయంట్ చనిపోయారు. జిమ్మీ గాయాలతో బయటపడ్డారు. మళ్లీ రికార్డులకు వచ్చేసరికి 1990లు నడుస్తున్నాయి. ఊరి బ్యాండ్ల జీవితం తెలిసినవాళ్లకు ఆ వార్త అర్థమయ్యే తీరు వేరు. కచేరీ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. సామాను వాళ్లే మోసుకుని, వ్యాను వాళ్లే నడుపుకుని, వందల మైళ్లు తెల్లవార్లూ ప్రయాణం. బస్సు, డ్రైవరు, హోటలు గది పెద్ద పేరున్నవాళ్లకే. ఆ ఇద్దరి పేర్లూ మా వెల్డరు ఎప్పుడూ పూర్తిగానే పలికేవారు, ఇంటిపేరుతో సహా. అందుకే నేనూ ఇక్కడ పూర్తిగా రాశాను.

తర్వాతి ముప్ఫై ఏళ్లూ జిమ్మీ ఆగలేదు. 2002లో తమ్ముడు సిల్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేశారు. 2016లో బ్లూస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. తొంభై దాటాక డెల్‌మార్క్ నుంచి ఇంకో ఆల్బమ్ వచ్చింది. బ్లూస్‌లో ముసలితనానికి ఇంత మర్యాద ఉండటం నాకు ఎంతో ఇష్టం. పైన్‌టాప్ పెర్కిన్స్ 1969లో మడ్డీ వాటర్స్ బృందంలో పియానో దగ్గర కూర్చునేనాటికే యాభై దాటినవారు. 97 ఏళ్ల వయసులో, 2011లో, గ్రామీ అందుకున్నారు. ఆయనతో కలిసి ఆ బహుమతి అందుకున్నది ఇందాక చెప్పిన టాక్సీ డ్రైవరు విల్లీ స్మిత్.

కరోనా రోజుల్లో క్లబ్బులన్నీ మూతపడితే జిమ్మీ జాన్సన్ తన ఇంటి నుంచే వారం వారం ఫేస్‌బుక్‌లో పాడారు. తొంభై ఏళ్లు దాటిన మనిషి, ఒక గిటారు, ఎదురుగా ఫోను. మా వెల్డరుకు అప్పటికే కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోయి బేస్ పక్కన పెట్టేశారు. ఆ కచేరీ మొదలయ్యే వేళకు నాకు ఫోను చేసేవారు. ఫోనులో మాట్లాడుకునేది ఏమీ ఉండేది కాదు. ఇద్దరం ఎవరింట్లో వాళ్లం ఆ పాట వినేవాళ్లం. అప్పుడప్పుడు అవతలి నుంచి బల్ల మీద వేళ్ల చప్పుడు వినిపించేది. బేస్ పట్టలేని వేళ్లు బల్ల మీద ఇంకా నడుస్తున్నాయన్నమాట.

2022 జనవరి 31న జిమ్మీ జాన్సన్ కన్నుమూశారు, 93 ఏళ్లు. ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 6న, సిల్ కూడా వెళ్లిపోయారు. పత్రికల్లో సిల్ గురించే ఎక్కువ వచ్చింది. ఆయన పాత పాటల ముక్కల్ని హిప్ హాప్ కళాకారులు ఎన్నో చోట్ల వాడుకున్నారు కాబట్టి ఆ పేరు కొత్త తరానికి తెలుసు. అన్నగారి గురించి మా వెల్డరు నాకు చెప్పిందంతా ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని అప్పుడే అనుకున్నాను. ఇన్నాళ్లకు కుదిరింది.

వినాలనుకునేవాళ్లకు నా సలహా. "జాన్సన్స్ వాక్స్" తర్వాత వినవచ్చు. ముందు 1975 జపాన్ యాత్రలో ఓటిస్ రష్ చేసిన ప్రత్యక్ష కచేరీ రికార్డు సంపాదించండి. మొదటిసారి రష్ కోసం వినండి, ఆ గిటార్ ఏడిపిస్తుంది. రెండోసారి రష్‌ను వదిలేసి జిమ్మీ వాయించిన రెండో గిటార్ మీద చెవి పెట్టండి. రష్ పాడుతున్నప్పుడు అది ఎక్కడ తగ్గుతుందో, ఆయన ఊపిరి పీల్చుకునే సందులో ఎలా అడుగు వేస్తుందో గమనించండి. మూడోసారి బేస్ కోసం వినమని మా వెల్డరు అంటారు.